ఆరడుగుల దర్వాజ

మీలో చాలామంది రోజూ దాని మీదుగానే ఆఫీసుకు వెళ్తుంటారు. హైటెక్ సిటీ దాటి కొండాపూర్ వైపు మళ్లేచోట, కంపెనీ బస్సులన్నీ ఒకదాని వెనక ఒకటి నిలబడిపోయే మలుపు ఉంటుంది. అక్కడ ఇప్పుడు పార్కింగు కోసం కట్టిన నాలుగంతస్తుల భవనం ఉంది. ఆ స్థలంలోనే ఒకప్పుడు మా టింబర్ డిపో ఉండేది. నమ్మమని బలవంతం చేయను. ఈమధ్య నేనే అక్కడ ఆటో దిగి, ఎటు తిరిగి నిలబడితే మా గేటు ఎదురయ్యేదో తేల్చుకోలేక, పక్కనున్న కొట్టులో కాఫీ తాగి తిరిగి వచ్చేశాను. కాఫీ కూడా గొప్పగా ఏమీ లేదు.

మా అపార్ట్‌మెంట్‌లో ఒకమ్మాయి ఉంది, గచ్చిబౌలిలో ఉద్యోగం. "మీరు పనిచేసిన కంపెనీ ఏది ఆంటీ?" అని అడిగింది. చెప్పాను. వెంటనే ఫోన్లో వెతికింది. దొరకలేదు. ఆ పిల్ల ముఖంలో నామీద జాలి కనిపించింది, పాపం ఈవిడ ఎక్కడో లేనిచోట పని చేసిందని. ఆ జాలి పోగొట్టడానికే ఇది రాస్తున్నాను.

నేను ఆ డిపోలో గుమాస్తాని. మాది గోదావరి వైపు. మావారికి హైదరాబాదు బదిలీ అయితే బోరబండలో రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకున్నాం. పిల్లలు బడికి వెళ్లాక గోడలు చూస్తూ కూర్చోలేక ఉద్యోగం వెతుక్కుంటుంటే, మా జిల్లా ఆయనదే ఒక కలప వ్యాపారం ఉందని ఎవరో చెప్పారు. వెళ్లాను. ఓనరుగారు నన్నూ, నా చీరనూ, బయట ఎగురుతున్న రంపపు పొట్టునూ మార్చి మార్చి చూసి, "ఈ దుమ్ములో మీరేం ఉంటారండీ" అన్నారు. "మా ఇంటి వెనకాల కంకర మిషను ఉందండి. దుమ్ము నాకు కొత్త కాదు" అన్నాను. మర్నాటి నుంచే రమ్మన్నారు.

పని గొప్పగా చెప్పుకోదగ్గది కాదు. వచ్చినవాళ్లను కూర్చోబెట్టడం, ఏం కావాలో అడగడం, బిల్లు రాయడం, ఫోనెత్తడం. కోత మిషను నడుస్తుంటే అవతలివాళ్ల మాట మాకు వినబడదు, మా మాట వాళ్లకు వినబడదు. అందుకని డిపోలో అందరం అరిచినట్టే మాట్లాడేవాళ్లం. ఇంట్లో కూడా అలాగే మాట్లాడుతున్నానని మావారు గొడవపెట్టేవారు. డిపో పోయి ఇన్నేళ్లయినా ఆ గొడవ మాత్రం ఇంకా ఉంది.

కోత మిషను దగ్గర ఉండే మేస్త్రీ పక్క ఊరివాడే. ఊరంటే ఇప్పుడు మీరు శనివారం రాత్రి బిర్యానీకి వెళ్లే వీధులు. అప్పట్లో అక్కడ బర్రెలు కట్టేసి ఉండేవి. మనిషి బాగా పొట్టి. లావుపాటి దుంగ మీద చెయ్యి వేయాలంటే పీట ఎక్కేవాడు. ఎవరైనా నవ్వితే, "మొద్దు నాకన్న పెద్దగుంటెనే గదా నాకు జీతం" అనేవాడు. కోపం వస్తే మాత్రం ఒక్క మాట మాట్లాడడు. మిషను ఆపేసి, బీడీ వెలిగించుకుని గేటు బయటికి పోతాడు. ఆయన గేటు దాటాడని తెలిస్తే ఓనరుగారు కూడా కాసేపు ఆఫీసు గదిలోంచి బయటికి వచ్చేవారు కాదు.

ఆ డిపోలో ఒక పద్ధతి ఉండేది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తమ పొలంలో చెట్టు కొట్టించుకుంటే, ఇల్లు మొదలుపెట్టేదాకా ఆ దుంగను మా యార్డులో ఉంచేవారు. ఇంటి దగ్గర పడేస్తే చెదలు పడుతుంది. మా దగ్గరైతే రాళ్ల మీద పెట్టి, ఎండా గాలీ అన్ని వైపులా తగిలేలా అప్పుడప్పుడూ దొర్లిస్తారు. పచ్చి కట్టెతో దర్వాజ, అంటే ద్వారబంధం, చేస్తే ఏడాది తిరిగేసరికి వంకర పోతుంది కాబట్టి, అది ఆరడానికి ఏళ్లు పట్టినా జనం ఓపిక పట్టే రోజులవి. దానికి అద్దె లేదు, కాగితం లేదు. అలా ఉంచినదాన్ని అమానత్ అనేవారు, నమ్మి అప్పగించిన వస్తువని. ఎలాగూ కోత పని మాకే వస్తుంది గనుక ఓనరుగారు కాదనేవారు కాదు.

కాగితానికి బదులు పసుపు ఉండేది. దుంగ కోసిన ముఖానికి నూనెలో కలిపిన పసుపు దట్టంగా పట్టించేవాడు మేస్త్రీ. అమావాస్య నాడు మిషనుకు సెలవు. ఆరోజు మిషను తుడిచి, బొట్టు పెట్టి, మిగిలిన పసుపు తీసుకుపోయి అమానత్ దుంగలన్నింటికీ మళ్లీ ఒక పూత పూసేవాడు. పసుపు కనబడితే ఆ దుంగ జోలికి ఎవరూ పోకూడదు. కొత్తగా చేరినవాళ్లకు మొదట చెప్పే సంగతి ఇది. టీ ఎక్కడ దొరుకుతుందో ఆ తరవాత చెప్పేవాళ్లం.

అలా వచ్చిన దుంగల్లో ఒకటి, మేస్త్రీకి వరుసకు చిన్నాయన అయ్యే ఒక రైతుది. చాలా పొడుగు మనిషి. మా ఆఫీసు గదిలోకి వచ్చినప్పుడల్లా పైన తిరిగే ఫ్యాను చూసి నాకే భయం వేసేది. ఆయన పొలం కొత్త రోడ్డు కిందికి పోయింది. బావి దగ్గర ఆయన తండ్రి నాటిన టేకు చెట్టు ఒకటుండేది. రోడ్డువాళ్లు రాకముందే దాన్ని కొట్టించి, ఎడ్లబండి మీద తెచ్చి మా యార్డులో దింపాడు. ఆరోజు నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను.

"దీంట్ల మా నాయిన కొట్టిన ఇనుప కడెం ఉన్నదిరా" అన్నాడు మేస్త్రీతో. "ఎడ్లను కట్టేసేటందుకు కొట్టిండు. చెట్టు మింగేసింది. యాడున్నదో పైకి కనబడదు. కోసేటప్పుడు జర పైలం."

"నువ్వు ఫికర్ జేయకు కాకా. నేనుండంగ దీన్ని ఎవ్వడు ముట్టడు."

"భూమైతే పాయె. గీ చెట్టన్న ఇంటికి దర్వాజ అయితే నాకు సాలు."

బండి వెనక నడిచి వచ్చిన ఆయన భార్య దుంగ చుట్టూ ఒకసారి తిరిగి, దాని మీద అంటుకున్న మట్టిని కొంగుతో తుడిచింది. తరవాత ఖాళీ బండెక్కి ఇద్దరూ వెళ్లిపోయారు.

తరవాతి ఏళ్లలో మా చుట్టూ ఏం జరిగిందో మీకు చెప్పక్కర్లేదు. రాళ్లగుట్టలు పేల్చే చప్పుడు మా మిషను చప్పుడును మించిపోయింది. గాజు పలకలు ఎక్కించుకున్న లారీలు వచ్చేవి. టై కట్టుకున్న కుర్రాళ్లు మా డిపోకి వచ్చి, రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, టేకు ధర కనుక్కుని పోయేవారు. చివరికి మా వెనక గోడ దాకా రోడ్డు వచ్చింది. యార్డులో సగం రోడ్డుకి పోతుందన్నారు. మిగతా సగాన్ని స్థలం యజమాని ఇంకెవరికో ఇచ్చేశాడు. సంక్రాంతి లోపల ఖాళీ చేయాలని ఓనరుగారు ఒకరోజు అందరినీ పిలిచి చెప్పారు. ఎవరూ ఏడవలేదు. టీ తాగి మళ్లీ పనిలోకి పోయాం.

అమానత్ పెట్టినవాళ్లందరికీ కబురు చేశాం. ఒక్కొక్కరే వచ్చి తీసుకుపోయారు. రైతుది ఒక్కటే మిగిలింది. హఫీజ్‌పేట్‌లో కొనుక్కున్న చిన్న జాగాలో ఆయన ఇల్లు అప్పుడే పునాది పైకి వచ్చింది. దసరా తరవాత దర్వాజ ఎత్తడానికి ముహూర్తం పెట్టించుకున్నాడు. ఆ ముందు వారంలో కోసి ఇస్తామన్నాడు మేస్త్రీ.

ఇక్కడ ఓనరుగారి భార్య గురించి చెప్పాలి. చాలా మంచి మనిషి. భక్తి కూడా కాస్త ఎక్కువే. ప్రతి దసరాకూ వచ్చి మిషనుకు కొబ్బరికాయ కొట్టి, అందరికీ పులిహోర పెట్టి వెళ్లేది. ఆ స్థలంలో అదే ఆఖరి దసరా. మిషను పూజ అయిపోయింది, మేస్త్రీ జమ్మి చెట్టు పూజకని తన ఊరికి వెళ్లిపోయాడు. ఆవిడ మాత్రం యార్డు వైపు చూస్తూ నిలబడింది.

"ఇన్నేళ్లూ మనకి అన్నం పెట్టిందమ్మా ఈ కర్ర. వెళ్లిపోయే ముందు ఒక్కదానికి కూడా పసుపు లేకుండా ఉంచకూడదు" అంది నాతో.

ఆవిడా, ఆవిడతో వచ్చిన ముగ్గురు ఆడవాళ్లూ కలిసి, గిన్నెలతో పసుపు కలుపుకుని, యార్డులో ఉన్న దుంగలన్నింటికీ పూశారు. చిన్నవీ పెద్దవీ, పగిలినవీ పగలనివీ అన్నింటికీ. సాయంత్రం ఎండలో యార్డంతా పసుపుపచ్చగా వెలిగిపోతుంటే, చూడటానికి ఎంత బాగుందో అనుకున్నాను. మా ఎవరికీ ఇంకే ఆలోచనా రాలేదు. పూజ చేస్తున్న మనిషిని ఆపి, అమ్మా, మా దగ్గర పసుపంటే ముట్టుకోవద్దని అర్థం అని చెప్పాలని ఎవరికి తోస్తుంది?

మర్నాడు మేస్త్రీ గేట్లో అడుగు పెట్టి అక్కడే ఆగిపోయాడు.

"గిదేంది మేడమ్?"

"అమ్మగారు పూజ చేశారయ్యా."

"అన్నిటికా?"

"అన్నిటికీ."

ఆయన బీడీ తీసుకుని గేటు బయటికి పోయాడు. కాసేపటికి తిరిగొచ్చి, "ఏం పరవాలేదు. కాకది వెనక గోడకు ఉన్నది, నాకెరుకనే" అన్నాడు. వేరే గుర్తు ఏదైనా పెడదామా అంటే, ఎల్లుండి ఎట్లాగూ కోస్త గదా అన్నాడు.

ఆ మర్నాడే రోడ్డువాళ్లు క్రేన్ తెచ్చారు. వెనక గోడ పడగొట్టాలి, దుంగలు అడ్డం ఉన్నాయి. మధ్యాహ్నానికల్లా వెనకున్నవన్నీ ఎత్తి ముందున్న వాటి మీద గుట్టగా పడేశారు. ఏళ్లపాటు ఎండకూ వానకూ పడున్న టేకు దుంగలు ఒకదానికొకటి కవలల్లా ఉంటాయి. బెరడు రాలిపోయి, అన్నీ ఒకటే బూడిద రంగు. అన్నింటి ముఖానా పసుపే. మేస్త్రీ గుట్ట చుట్టూ రెండుసార్లు తిరిగి, "అది కిందనే పడ్డది. పైవన్ని దీస్తే వస్తది" అన్నాడు. అంత నమ్మకంగా అన్నాక ఇక ఎవరూ వెతకబోలేదు.

అదే వారంలో ఓనరుగారికి ఒక పెద్ద పని దొరికింది. కొత్తగా తెరుస్తున్న ఒక కంప్యూటర్ ఆఫీసుకు పొడవాటి బల్ల కావాలి. పెద్దవాళ్లందరూ చుట్టూ కూర్చుని మాట్లాడుకునే బల్ల. ఆరడుగుల పలకలు వరసగా పేర్చాలి, అన్నీ ఒకే దుంగవి కావాలి, రంగులో తేడా రాకూడదు. ఇది నచ్చితే మొత్తం భవనానికి తలుపుల పని కూడా మనకే వస్తుందని ఓనరుగారు ఆశపడ్డారు. ఖాళీ చేయాల్సిన డిపో పెట్టుకుని అంత ఆశ దేనికో నాకు అర్థం కాలేదు. ఇంకోచోట మళ్లీ మొదలుపెట్టవచ్చని కాబోలు.

మేస్త్రీ గుట్ట మీది నుంచి ఒక మంచి దుంగను దింపించాడు. నిటారుగా ఉంది, పగుళ్లు లేవు. ముందు దాన్ని ఆరడుగుల దగ్గర అడ్డంగా కోయించాడు. మిగిలిన మూడడుగుల ముక్కను పక్కకు దొర్లించారు. తరవాత పెద్ద ముక్కను మిషను ఎక్కించారు. పట్టీ రంపం దాన్ని నిలువునా చీల్చుకుంటూ సగం దాకా పోయింది.

అప్పుడు వచ్చిన చప్పుడు నేను ఆఫీసు గదిలోంచి విన్నాను. ఇనుము మీద ఇనుము గీసిన చప్పుడు, వెంటనే పటుక్కుమని రంపం పట్టీ తెగిన చప్పుడు. పట్టీ తెగితే ఎవరి మీద పడుతుందో తెలియదు. పరుగెత్తుకుంటూ వెళ్లాను. ఎవరికీ ఏమీ కాలేదు. మిషను ఆగిపోయి ఉంది. మేస్త్రీ పీట మీద నిలబడి, చీలిన దుంగ లోపలికి చూస్తున్నాడు.

అడవి నుంచి వచ్చే దుంగల్లో ఇనుము ఉండదు. మనుషులు మసలిన చోట పెరిగిన చెట్టులోనే ఉంటుంది. మా గుట్టలో అలాంటిది ఒక్కటే. అది అందరికీ తెలుసు.

గునపంతో చీలికను విడదీసి చూశారు. లోపల తుప్పు పట్టిన కడియం ఉంది. దాని చుట్టూ జానెడు మేర కట్టె సిరా ఒలికినట్టు నల్లబడింది. మేస్త్రీ దాన్ని సుత్తితో కదిపి కదిపి ఊడదీశాడు. చాలా సేపు పట్టింది. ఆ మనిషి మాట ఇచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను గనుక, నాకు చాలా కష్టంగా అనిపించింది.

ఓనరుగారు వచ్చారు. సంగతి విన్నారు. అరవలేదు. కాసేపు గడ్డం గోక్కుని, నెమ్మదిగా చెప్పారు.

"చూడవయ్యా. దీనికంటే లావుదీ పొడుగుదీ ఇంకో దుంగ కోసి ఇద్దాం ఆయనకి. టేకు టేకే కదా. ఆయనకి నష్టం లేదు, మన మాటా పోదు. ఈ నల్లమచ్చ ఉన్న చెక్క ఒక్కటి తీసేస్తే మిగతాది బల్లకి సరిపోతుంది."

నిజం చెప్పాలంటే అందులో తప్పేముందో ఆ క్షణాన నాకూ తోచలేదు. రైతుకి మంచి కట్టె దొరుకుతుంది. ముహూర్తానికి దర్వాజ లేస్తుంది. ఎవరి మనసూ నొచ్చుకోదు.

"కోసినంక కడెం ఏదిరా అంటడు సార్" అన్నాడు మేస్త్రీ.

"కడియం ఉంది కదా నీ చేతిలో. అదీ ఇద్దాం."

మేస్త్రీ చేతిలో ఉన్నదాన్ని తిప్పి చూసుకున్నాడు. "గీ కట్టెల కడెం తీస్కపోయి, ఇంకో కట్టె పక్కన వెట్టి, ఇది నీ చెట్టే కాకా అని జెప్పాల్నా?" అన్నాడు. కోపంగా అనలేదు. నిజంగానే అడుగుతున్నట్టు అన్నాడు. మేస్త్రీ కడియాన్ని తువ్వాలులో చుట్టుకుని గేటు వైపు నడిచాడు. ఈసారి బీడీ తీయలేదు.

"మీరూ వెళ్లండమ్మా" అన్నారు ఓనరుగారు నాతో. "ఆయన ఒక్కడూ వెళ్తే ఏం మాట్లాడతాడో ఏమో. కావాలంటే రెండు దుంగలిస్తామని చెప్పండి. మూడైనా సరే."

డిపో ట్రాలీ ఆటోలో ముందు సీటు మీద ఇరుక్కుని హఫీజ్‌పేట్ వెళ్లాం. రైతు దంపతులు పునాది పక్కనే రేకుల షెడ్డు వేసుకుని ఉంటున్నారు. ఆయన ఇటుకలు తడుపుతున్నాడు. ఆవిడ మమ్మల్ని చూసి చాప పరిచింది.

మేస్త్రీ కూర్చోలేదు. తువ్వాలు విప్పి, కడియం చాప మీద పెట్టాడు.

"తప్పయింది కాకా. నీ మొద్దు అనుకోలే. వేరేదనుకొని కోసిన."

రైతు చేతిలో పైపు అలాగే ఉంది. నీళ్లు ఇటుకల మీంచి పక్కకు పోయి మట్టిలో పారుతున్నాయి. ఆయన వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, కడియం తీసుకుని దాన్ని బొటనవేలితో రుద్దాడు.

"గింతేనా మిగిలింది?" అన్నాడు.

నేను కల్పించుకున్నాను. ఓనరుగారు ఇంకా మంచి దుంగ ఇస్తానన్నారని, ఒకటి కాదు రెండు ఇస్తానన్నారని చెప్పాను. నా మాటలు నాకే ఫోనులో మాట్లాడినట్టు వినిపించాయి. రైతు నా వైపు చూడలేదు.

"మంచి కట్టెకేం తక్కువమ్మా. బజార్ల దొరుకుతది" అన్నాడు. "మా నాయిన చెట్టు యాడ దొరుకుతది?"

అప్పటిదాకా పక్కన నిలబడ్డ ఆయన భార్య మేస్త్రీ ముందుకు వచ్చింది. "మొత్తం కోసినవా?"

"లేదు చిన్నమ్మా. అడ్డంగ కోసిన. సగం దాక చీరింది. అంతల కడెం తాకింది."

"ఎంత పొడుగున్నది ఇప్పుడు?"

"ఆరడుగులు. ఇంకో ముక్క మూడున్నది. దర్వాజకు ఏడడుగులన్న గావాలె గదా. కింద అతుకెయ్యచ్చు, కని దర్వాజకు అతుకు పనికిరాదంటరు."

"అతుకు వద్దు" అందావిడ. షెడ్డు గుంజ పక్కకు వెళ్లి నిటారుగా నిలబడి, చెయ్యి నెత్తి మీద పెట్టి కొలుచుకుంది. "నాకైతే సరిపోతది."

"నీకు సరిపోతది" అన్నాడు రైతు. "నా సంగతేంది?"

"వంగు. ఇన్నేండ్లు పొలంల వంగలేదా?"

"వచ్చేటోళ్లు?"

"వాళ్లు గూడ వంగుతరు. మన చెట్టు కిందికెల్లి రావాల్నంటే జర వంగితె ఏంబోతది?"

రైతు ఆవిడ వైపు చూశాడు. తరవాత తల ఊపాడు. అంతే, అక్కడితో ఆ సంగతి తేలిపోయింది. ఆవిడ లోపలికి వెళ్లి మాకు చాయ్ పెట్టింది. పారుతున్న నీళ్లు ఎవరూ ఆపలేదని నాకు అప్పుడు గుర్తొచ్చి, నేనే వెళ్లి నల్లా కట్టేశాను.

డిపోకి తిరిగి వచ్చి జరిగింది చెబితే ఓనరుగారు, "ఆరడుగుల గుమ్మమా?" అన్నారు. "అవునండి" అన్నాను. "సరే, కోసివ్వండి" అన్నారు. నిలువుకట్టెలు రెండూ పెద్ద ముక్కలోంచి, కింది గడపా పైకట్టే మూడడుగుల ముక్కలోంచి వచ్చాయి. మేస్త్రీ కొత్త పట్టీ బిగించి తన చేతుల మీదుగానే కోశాడు. వడ్రంగి, ఈ నల్లమచ్చ వెనక్కి తిప్పేస్తా, గోడలోకి పోతుంది అంటే, రైతు భార్య ఒప్పుకోలేదు. మచ్చ ముందుకే ఉండాలంది.

ఇక బల్ల సంగతి. వేరే దుంగతో చేసి పంపారు. రంగు ఎక్కడా తేడా రాకుండా చూశారు. ఆ ఆఫీసువాళ్లు దాని మీద నల్లగాజు పరిపించారు. కింద ఉన్నది టేకో తుమ్మో వంగి చూస్తే తప్ప తెలియదు. తలుపుల పని మాత్రం మాకు రాలేదు.

ముహూర్తం రోజున డిపో అంతా హఫీజ్‌పేట్ వెళ్లింది. నవధాన్యాలు పోశారు, దర్వాజ నిలబెట్టారు. పొట్టిదే. గడపా పైకట్టే పోగా మనిషి దూరే ఎత్తు అయిదడుగుల చిల్లరే. పక్కింటివాళ్లు గుసగుసలాడుకున్నారు. అందరూ పసుపు రాస్తుంటే ఓనరుగారి భార్య మాత్రం చేతిలో గిన్నె పట్టుకుని దూరంగా నిలబడిపోయింది. జరిగిందంతా అప్పటికి ఆవిడకి తెలిసింది. రైతు భార్య వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

"పూయి బిడ్డ. ఈడ పూస్తే ఏం గాదు" అంది.

ఆవిడ ఏడుస్తూనే పూసింది. అందరం నవ్వాం, ఆవిడ కూడా నవ్వింది. తరవాత ఓనరుగారు, ఇల్లు ఎలా ఉండబోతోందో చూద్దామని, చుట్టూ ఇంకా గోడలే లేవకపోయినా మర్యాదగా దర్వాజలోంచే వెళ్లబోయి, పైకట్టెకు తల కొట్టుకున్నారు. ఆ ఇంట్లో తల కొట్టుకున్నవాళ్లలో ఆయనే మొదటివారు. తరవాత చాలామంది కొట్టుకున్నారు. నేనైతే రెండుసార్లు.

సంక్రాంతికి ముందే డిపో ఖాళీ అయింది. మిషను ఊడదీసి అమ్మేశారు. ఓనరుగారు ఇంకోచోట మొదలుపెట్టలేదు. నేను ఒక ఫర్నిచర్ షాపులో చేరి అక్కడే రిటైరయ్యాను. మేస్త్రీ బోరబండలో ఒక చిన్న కోత మిషను దగ్గర చేరాడు. దారిలో కనిపిస్తే నమస్తే పెట్టేవాడు. డిపో గురించి ఇద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఇల్లు ఇప్పుడు లేదు. ఆ జాగాలో అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ వచ్చింది. రైతు అప్పటికి లేడు. బిల్డరు ఇల్లు అడగడానికి వచ్చినప్పుడు ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే, ఆ దర్వాజ తన వాటాకు పెట్టాలని. ఇంజినీరు మిగతా తలుపులన్నీ ఏడడుగులవని చెప్పాడట. వాళ్లవి వాళ్లు ఏడు పెట్టుకోమను అందట ఆవిడ.

గృహప్రవేశానికి నన్ను పిలిచింది. ఫ్లాటు నంబరు కాగితం ఇంట్లో మరచిపోయి వెళ్లాను. అవసరం రాలేదు. నాలుగో అంతస్తు వరండాలో అన్నీ ఒకేలాంటి పొడుగు తలుపులు, వాటి మధ్య ఒకటి మాత్రం పొట్టిది. కుడివైపు కట్టెలో, నా భుజం ఎత్తున, నల్లమచ్చ ఉంది. తల వంచి లోపలికి వెళ్లాను. మిగతా అంతస్తుల్లో ఫ్లాట్లు కొనుక్కున్న కుర్రాళ్లు కొందరు భోజనానికి వచ్చి నుదురు రుద్దుకుంటున్నారు. కడియం దేవుడి గూట్లో ఉంది.

నేను విస్తరి ముందు కూర్చున్నాక, దర్వాజలోంచి చూస్తే లిఫ్టు దగ్గర మేస్త్రీ కనిపించాడు. బాగా ముసలివాడైపోయాడు, మునుపటికన్నా ఇంకా పొట్టిగా అనిపించాడు. దర్వాజ ముందు చెప్పులు విడిచి, తల వంచి, లోపలికి అడుగు పెట్టాడు. ఆయన నిటారుగా నడిచినా నెత్తికీ పైకట్టెకూ మధ్య జానెడు ఖాళీ ఉంటుంది.

"నీకెందుకురా వంగుడు?" అంది ఆ ముసలమ్మ పీట మీది నుంచి. "నీకు తగలది గదా."

"ఎరుకనే చిన్నమ్మా" అన్నాడు మేస్త్రీ.

భోజనం చేసి వెళ్లేటప్పుడు కూడా వంగే వెళ్లాడు.